గోళ్ళరంగు చుక్కలు

ఆ మాఘమాసమంతా నేను ఒక ఇనుప డబ్బా మీద కోపంతో గడిపాను. మనిషి మీద కోపం వస్తే నాలుగు మాటలు అని కడుపు చల్లబరుచుకోవచ్చు. డబ్బాని ఏమంటాం? ఒకసారి తన్ని కూడా చూశాను. నా కాలి బొటనవేలు వాచింది, దానికేమీ కాలేదు.

అది పందొమ్మిది వందల ఎనభై మూడు. వికారాబాద్ స్టేషన్ దగ్గర ఇమాముద్దీన్ సాబ్‌కు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. దాంతోపాటే ఒక చిన్న ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఆయన హార్మోనియం, దశరథం ఢోలక్, నేను పాట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందే దశరథానికి కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఢోలక్‌ని గోడ మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు. ఇంకో ఢోలక్ మనిషిని వెతకమంటే, ఇమాముద్దీన్ సాబ్ బొంబాయి పోయి ఈ డబ్బాను తెచ్చాడు.

నల్లగా, బరువుగా, బియ్యం డబ్బాను పడుకోబెట్టినంత ఉండేది. మీద రేడియోకి ఉన్నట్టే తిప్పే నాబ్‌లు రెండు వరసలు. పక్కనుంచి రెండు వైర్లు, వాటి చివర రెండు రబ్బరు పళ్ళేలు. పళ్ళెం మీద పుల్లతో కొడితే లోపల కరెంటు పలికేది. స్పీకరులోంచి ‘డ్యూఁ’ అని పైనుంచి కిందికి జారే చప్పుడు. తోలు లేదు, కట్టె లేదు. దాని అసలు పేరు డ్రమ్ సింథసైజర్ అట. ఆ పేరు ఎవరి నోరూ తిరగక అందరం డిస్కో డబ్బా అన్నాం.

డబ్బా వచ్చిన రోజు మా నాయిన కిష్టప్ప కూడా చూడటానికి వచ్చాడు. ఇమాముద్దీన్ సాబ్ మర్యాద గల మనిషి. స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

“చాయ్ తాగుతవా కిష్టప్పా?”

“అలవాటు లేదు సాబ్.”

అలవాటు లేకపోవడం కాదు అది. నాయిన చిన్నప్పుడు చాయ్ హోటల్లో మావాళ్ళ కోసం వేరే గ్లాసు చూరులో దోపి పెట్టేవారట. దాన్ని మనమే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ దోపి రావాలి. ఒకరోజు అలా కడుగుతూ కడుగుతూ నాయిన ఇంక చాయ్ తాగనని అనుకున్నాడు. తర్వాత గ్లాసులు మారాయి, హోటళ్ళు మారాయి, ఎంతమంది పిలిచినా ఆయన మాత్రం తాగలేదు. మా అమ్మ బుగ్గమ్మ ఇంట్లో పెట్టుకున్నా ఆయన ముట్టడు.

నాయినది డప్పు. పెళ్ళికీ చావుకూ జాతరకూ ఆయన డప్పే. ఆ ఇంట్లో పుట్టి నేను డప్పు ముట్టలేదంటే ఎవరైనా నమ్ముతారా? ఏడేళ్ళప్పుడు ఒకసారి ముట్టాను. చల్లబడ్డ తోలు పలకదు కదా, వాయించే ముందు డప్పును మంట దగ్గర పట్టి కాపుతారు. తోలు బిగుసుకుంటుంది, గొంతు లేస్తుంది. నాయిన కాపుతుంటే నేనూ ఒకటి తీసి మంట దగ్గర పట్టాను. ఆయన తిట్టలేదు. మెల్లగా చేతిలోంచి తీసుకున్నాడు.

“ఎవలు కాపితే వాళ్ళే కొట్టాలె బిడ్డా. నువ్వు కొట్టవు గద” అన్నాడు.

డప్పు కొట్టేవాళ్ళ కట్టుబాటది. ఒకరి డప్పు ఇంకొకరు కాపరు. ఎంత కాగితే చాలో కొట్టే చేతికే తెలుస్తుందంటారు. ఆడపిల్ల కొట్టదు కాబట్టి కాపదు, కాపదు కాబట్టి కొట్టదు. ఇంక నేను బిందె మీద, చాట మీద, తలుపు మీద కొట్టుకుంటూ పెరిగాను. పాట నేర్చుకున్నది కూడా చప్పుడు పక్కన నిలబడటానికే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

డిస్కో డబ్బాకు మాత్రం ఏ కట్టుబాటూ లేదు. అది బొంబాయిది. దాన్ని ఎవరు కొట్టాలో, ఎవరు కొట్టకూడదో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

“దీన్ని ఎవలు కొడ్తరిప్పుడు?” అని ఇమాముద్దీన్ సాబ్ తల గోక్కున్నాడు.

“నేను కొడ్త సాబ్. ఆడోళ్ళు కొట్టొద్దని దీని మీద రాసి ఉన్నదా?”

ఆయన నిజంగానే డబ్బాను వెనక్కి తిప్పి చూశాడు. “లేదు. కొట్టు మరి” అన్నాడు.

నేను పుల్ల తీసుకుని కొట్టాను. డ్యూఁ అంది. ఆ ఒక్క చప్పుడుకి నాకు ఒళ్ళంతా జలదరించింది. నాయిన వైపు చూస్తే, ఆయన రోడ్డు మీద పోతున్న బస్సు వైపు చూస్తున్నాడు.

ఆ సంబరం ఒక్క పూటే. మర్నాటి నుంచి మొదలైంది నా గోస.

నాబ్‌ల మీది ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూసి నేనే పేర్లు పెట్టుకున్నాను. గొంతు పెంచి తగ్గించేది శ్రుతి. పైనుంచి కిందికి ఎంత దూరం పడాలో చెప్పేది జారుడు. ఎంతసేపు మోగాలో చెప్పేది సాగుడు. ఎంత మెల్లగా తగిలినా వినేది చెవి. ఆ చెవి ఎక్కువ తిప్పితే పక్కన ఎవరు దగ్గినా డబ్బా పలికేది, తక్కువ తిప్పితే పుల్ల విరిగేలా కొట్టినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

అసలు చిక్కు శ్రుతితో. హార్మోనియం మీద నా పాట మొదలయ్యే మెట్టుతో డబ్బా గొంతు కలవాలి. చెవితో విని, వెంట్రుకవాసి తిప్పి, కలిపేదాన్ని. కలిసిన చోట నా గోళ్ళరంగు సీసా తీసి నాబ్ పక్కన చుక్క పెట్టేదాన్ని. ఎదుర్కోలు పాటకు ఒక చుక్క, తలంబ్రాల పాటకు రెండు, అప్పగింత పాటకు మూడు. ఇంత తెలివి నాకెక్కడిదని నాలో నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున సరిగ్గా అదే చుక్క మీద పెట్టి కొడితే, హార్మోనియం ఒక దారి, డబ్బా ఇంకో దారి. మళ్ళీ కలిపి మళ్ళీ చుక్క పెట్టేదాన్ని. వారం తిరిగేసరికి డబ్బాకు అమ్మవారు పోసినట్టు ఒళ్ళంతా చుక్కలు. ఒక్కటీ పనికొచ్చేది లేదు.

పైగా ఇమాముద్దీన్ సాబ్ పద్ధతులు. వేడికి మాడిపోయిన రేడియోలను ముప్పై ఏళ్ళు బాగుచేసిన చేతులాయనవి. వేడంటే చచ్చే భయం. పాట మొదలుపెట్టేటప్పుడే స్విచ్చి వేయాలి, పాట అయిన మరుక్షణం తీసేయాలి. అది చాలదని వైర్లకు తగలకుండా డబ్బా చుట్టూ తడి గోనెగుడ్డ చుట్టేవాడు, ఎండాకాలం మంచినీళ్ళ కుండకు చుట్టినట్టు.

“బొంబాయి సరుకు బిడ్డా, జర పైలం” అనేవాడు గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తూ.

పూడూరులో మొదటి పెళ్ళి. పొద్దున్నే ముహూర్తం, నోట్లోంచి పొగలు వచ్చేంత చలి. స్విచ్చి వేసి ఎదుర్కోలు పాట ఎత్తుకున్నాను. మొదటి చరణంలో కలిసిందనుకున్న డబ్బా రెండో చరణానికి మెల్లగా పైకి పాకింది. నేను దాని వెంట పైకి పోతే హార్మోనియం కింద ఉండిపోయింది. కిందికి దిగితే డబ్బా పైనుంచి వెక్కిరించింది. ఆ ఇద్దరి మధ్య నా గొంతు పీకులాట. అదే సమయంలో పెళ్ళికొడుకు మేనమామ, బాగా బరువైన మనిషి, మేం కూర్చున్న వేదిక బల్లల మీద నడుచుకుంటూ వచ్చాడు. చెవి నాబ్ ఎక్కువ తిప్పి ఉంది. ఆయన అడుగు వేస్తే డ్యూఁ. ఇంకో అడుగు వేస్తే మళ్ళీ డ్యూఁ. ఆయన ఆగి చుట్టూ చూసి, ఈసారి మునివేళ్ళ మీద నడిచాడు. చిన్నగా డ్యూఁ.

పందిరంతా నవ్వింది. మేనమామ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ రోజే, అందరూ భోజనాలకు లేచాక, డబ్బాను తన్నాను.

ఇంటికి కుంటుకుంటూ వచ్చాను. అమ్మ వేడినీళ్ళు కాచి కాలు మీద పోసింది.

“సక్కగ పాట పాడుకోని రాక, గా డబ్బతోని నీకేం పనే?” అంది.

“నాకు కొట్టాలని ఉంటది, అందుకే” అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. అమ్మ చెంబు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నాయిన అరుగు మీద డప్పు అంచుకు తోలు వారు బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“మొదట్ల తప్పుతదా, ఆఖర్లనా?”

“మొదట్ల. మెల్లమెల్లగ పైకి పోతది. కలిపేసరికి పాట అయిపోతది, సాబ్ స్విచ్చి తీస్తడు. మల్ల మొదటికే వస్తది.”

“అయితే అది కాగుతున్నది.”

“నాయినా, అది తోలు గాదు. కరెంటు.”

“కరెంటుకు వేడి ఉండదా? సగం కాగిన డప్పు గట్లనే సతాయిస్తది. ఒక్క తీర్గ పలకదు. పూర్తిగ కాగినంకనే నిలబడ్తది. మీరు దాన్ని కాగనిస్తున్నరా?”

“తడి గుడ్డ చుడ్తున్నం” అన్నాను.

నాయిన నవ్వాడు. మాట పూర్తిచేయలేనంతగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది, అయినా ఆ మాట మనసులో నాటుకుంది.

మర్నాడు ఇమాముద్దీన్ సాబ్‌తో చెప్పాను, నాయిన ఇలా అంటున్నాడని. ఆయన కూడా నవ్వాడు, ఇంకో రకంగా.

“మీ నాయినకు డప్పు తెలుసు బిడ్డా, కాదంటలేను. వైర్లు నాకు తెలుసు. డప్పోళ్ళు చెప్తే రేడియోలు బాగుచేసే రోజులొచ్చినయా ఏంది?”

ఆయన చెడ్డవాడు కాదు. వేళాకోళంగా అన్నాడు, అని మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. ఇంకోసారి ఆయనకు చెప్పేది లేదని ఆ క్షణమే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పోతూ దుకాణం నాకు అప్పజెప్పాడు. ఆయన మూల మలుపు తిరగ్గానే గోనెగుడ్డ తీసి పారేశాను. స్విచ్చి వేశాను. చప్పుడు తగ్గించి, హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి పట్టి, అప్పుడప్పుడూ పళ్ళెం మీద కొడుతూ కూర్చున్నాను. మొదట్లో ఎప్పటిలాగే పైకి పాకుతోంది. మాడువాసన వస్తుందేమోనని ముక్కు డబ్బాకు ఆనించి చూశాను. అరగంటకు పాకడం నెమ్మదించింది. గంటకు ఆగింది. కొట్టాను, ఆగి మళ్ళీ కొట్టాను, పది లెక్కపెట్టి మళ్ళీ కొట్టాను. ఒకే గొంతు. డబ్బా మీద చెయ్యి పెడితే జ్వరం తగ్గుతున్న పిల్ల నుదురులా గోరువెచ్చగా ఉంది.

ఆ దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. బ్లేడుతో పాత చుక్కలన్నీ గీకేశాను. కొత్త చుక్కలు పెట్టాను. సాబ్ వచ్చేసరికి స్విచ్చి తీసి, తడిగుడ్డ చుట్టేసి, బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

ఆ తర్వాత మూడు పెళ్ళిళ్ళలో నా దొంగతనం సాగింది. సామానుతో పాటు అందరికంటే ముందు నేనే వెళ్ళేదాన్ని. వెళ్ళగానే స్విచ్చి వేసి, చప్పుడు మొత్తం తగ్గించి, వెలిగే ఎర్ర లైటు మీద బొట్టుబిళ్ళ అంటించేదాన్ని. సాబ్ చూపుకి డబ్బా ఆగి ఉన్నట్టే. ఆయన గుడ్డ చుట్టబోతే “నేను చుడ్త సాబ్” అని తీసుకుని పక్కన పడేసేదాన్ని. పాటకూ పాటకూ మధ్య స్విచ్చి తీసినట్టు చెయ్యి ఆడించి చప్పుడు మాత్రం తగ్గించేదాన్ని. చుక్క మీద పెడితే చాలు, చెప్పినట్టు వినేది. ఒక పళ్ళెం మీద ఢోలక్ నడక, ఇంకోదాని మీద నాయిన డప్పు నడక పట్టాను. పాడుతూ కొట్టాను. నా జన్మలో అంత సంతోషం అప్పటిదాకా ఎరగను.

అయితే నా కర్మ, జనం ఏమన్నారో చూడండి. “మిషన్ మస్తు కొడుతున్నది” అన్నారు. “గా పిల్ల పక్కన ఉత్తగ నిలబడ్డా అదే కొట్టుకుంటున్నది” అన్నారు. ఒక ముసలాయన నా ముందు నుంచే వచ్చి, నన్ను దాటి, డబ్బాకు దండం పెట్టి పోయాడు. మా నాయిన కొడితే డప్పు మస్తు కొట్టిందని ఇంతవరకు ఎవరైనా అన్నారా? నేను చెమటలు కక్కుకుంటూ కొడితే పేరు ఇనుముకు పోయింది.

మాఘం చివర్లో ఇమాముద్దీన్ సాబ్ బామ్మర్ది కరీముద్దీన్ వచ్చాడు. నా ఈడువాడే. అక్కడా ఇక్కడా పనిచేసి ఎక్కడా నిలవక, అక్కాబావల ఇంట్లో ఉన్నాడు. ఒక సాయంత్రం నేను పాటలన్నీ కలుపుకుని లేస్తుంటే, సరదాగా నా చోట్లో కూర్చుని పుల్ల తీసుకున్నాడు. నాబ్‌లు చుక్కల మీద పెట్టి కొట్టాడు. డబ్బా అప్పటికే, బొట్టుబిళ్ళ చాటున, గంటన్నరగా నడుస్తోంది. చక్కగా పలికింది.

“భాయ్, గిది అల్కనే ఉన్నది. అన్ని గుర్తులు పెట్టే ఉన్నయి” అన్నాడు బావతో.

ఇమాముద్దీన్ సాబ్ మొహం వెలిగింది. పని లేని బామ్మర్దికి పని దొరికింది మరి.

“మంచి పని జేసినవు మొగులమ్మా, చుక్కలు పెట్టి. ఇంక ఎవలైనా కొడ్తరు. తాండూరు పెండ్లిల కరీం కొడ్తడు. నువ్వు పాట మీద ధ్యాస పెట్టు.”

“మూడు పెండ్లిళ్ళు నేనే కొట్టిన గద సాబ్.”

“మిషన్ కొట్టింది బిడ్డా. నువ్వు చుక్కల మీద పెట్టినవు, గంతే.”

నా చుక్కలే నన్ను లేపి పక్కన కూర్చోబెట్టాయి. బ్లేడు తీసి వాటిని గీకేద్దామా అని చెయ్యి జాపాను, కానీ నా చేతులతో పెట్టినవి గీకబుద్ధి కాలేదు. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. కాపే సంగతి చెప్పను. ఒక్క ముక్క కూడా చెప్పను. కొట్టుకోనీ, వాళ్ళే కొట్టుకోనీ.

తాండూరు పెళ్ళి బండల వ్యాపారి ఇంట్లో. బాగా ఉన్నవాళ్ళు. ఇంటి ముందు వాకిలంతా వాళ్ళ గనిలో తీసిన బండలే పరిచి ఉన్నాయి, చలికి కాళ్ళు కొంకర్లు పోయాయి. మేం తెల్లవారుజాము ప్యాసింజరులో దిగాం. అక్కడే నాయిన కూడా కనిపించాడు. పెద్దేముల్‌లో ఉండే మా పెదనాయిన వెంకటయ్య మేళానికి ఊరేగింపు పని కుదిరింది. ఒక చెయ్యి తక్కువైతే నాయినను పిలిపించుకున్నాడు. వాళ్ళు గేటు బయట గడ్డి మంట వేసుకుని కూర్చున్నారు. గేటు లోపల షామియానాలో మేం.

కరీముద్దీన్ డబ్బా బయటకు తీశాడు.

“గిదేంది, లైటుకు బొట్టుబిళ్ళ?” అని గోటితో పీకి విదిలించాడు. తడి గోనెగుడ్డ శ్రద్ధగా చుట్టాడు. నేను నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను.

ఎదుర్కోలు పాట. చల్లటి డబ్బా మొదటి దెబ్బకే తప్పు పలికింది. కరీముద్దీన్ చుక్కల వైపు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. కొంచెం తిప్పాడు, ఇంకా పాడైంది. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇది నా నీచబుద్ధే, దాచి లాభం లేదు. పాట కాగానే వాడు స్విచ్చి తీశాడు. రెండో పాటకు మళ్ళీ మొదటికొచ్చింది. పూడూరులో లాగే డబ్బా ఒక వైపు, హార్మోనియం ఒక వైపు, మధ్యలో నా గొంతు. ముందు వరసలో కూర్చున్న పెళ్ళికూతురు నాయనమ్మ పక్కావిడతో అన్న మాట నా చెవినపడింది.

“పాడే పిల్లకు గొంతు లేదు. దీన్ని ఏడికెళ్ళి పట్టుకొచ్చిండ్రు?”

డబ్బా తప్పు పలికితే డబ్బాను అనలేదు. మంచిగా కొడితే పేరు దానిది, తప్పితే నాది. ఎటు చూసినా నాకే దెబ్బ. జీలకర్ర బెల్లం తంతు మొదలవడంతో మాకు కొంచెం వ్యవధి దొరికింది. నేను విసురుగా గేటు దాటి నాయిన దగ్గరికి వెళ్ళాను.

ఆయనకు అంతా వినపడుతూనే ఉంది. “చల్లగున్నది” అన్నాడు.

“ఉండనియ్యి.”

“నువ్వు చెప్పలేదా?”

“ఎందుకు చెప్పాలె? నా చోట్ల వాన్ని కూసబెట్టిండ్రు. చెప్తే ఇంక ఎప్పటికీ వాడే కొడ్తడు. చెప్పకపోతే రేపు నన్నే పిలుస్తరు.”

నాయిన మంటలోకి గడ్డి కొంచెం తోశాడు. “పిలుస్తరు, నిజమే” అన్నాడు. “పాట ఎవలది?” అని అడిగాడు.

“నాదే.”

నేను అక్కడే నిలబడి గేటు వైపు చూశాను. తర్వాత తలంబ్రాల పాట. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ పందిట్లో కూర్చుని వినే పాట. దానికి ఇంకా గంట టైముంది. తిట్టుకుంటూనే లోపలికి వెళ్ళాను.

“స్విచ్చి వెయ్యి. గుడ్డ తీసెయ్యి” అన్నాను కరీముద్దీన్‌తో. “సప్పుడు మొత్తం తగ్గించి గంట సేపు గట్లనే ఉండనియ్యి. మల్ల ఆఖరి దాక బంద్ చెయ్యకు.”

“కాలిపోతది” అన్నాడు వాడు.

“మూడు పెండ్లిళ్ళు గట్లనే కొట్టిన. కాలలేదు.”

ఇమాముద్దీన్ సాబ్ నా వైపు చూశాడు. తర్వాత ఎర్ర లైటు వైపు చూశాడు. బొట్టుబిళ్ళ జిగురు ఇంకా దాని మీద ఉంది. వేలితో తడిమాడు. తనే వంగి గోనెగుడ్డ విప్పాడు.

తలంబ్రాల పాటకు డబ్బా రెండు చుక్కల మీద కుదురుగా నిలబడింది. కరీముద్దీన్ చెయ్యి చెడ్డదేం కాదు, అదీ ఒప్పుకోవాలి. నేను ఊపిరి నిండా పాడాను. ఆ నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. పాట అయ్యాక పెళ్ళికొడుకు అన్న వచ్చి కరీముద్దీన్ భుజం తట్టి, మెడలో ఒక దండ వేసిపోయాడు.

ఇమాముద్దీన్ సాబ్ హార్మోనియం మూస్తూ మెల్లగా నాతో అన్నాడు. “మీ నాయిన చెప్పిందే నిజమాయె.”

“నాకెందుకు సాబ్? బయటనే ఉన్నడు, ఆయనకే చెప్పుండ్రి.”

ఆయన తల వంచుకున్నాడు. “చెప్త. గని కరీం చేతికి ఒక పని దొరికింది బిడ్డా. ఇంక వానికే ఉండనీ. నువ్వు సమజ్ చేసుకుంటవు.”

నేను సమజ్ చేసుకోలేదు. ఇప్పటికీ చేసుకోలేదు. అప్పగింత పాట పాడి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటకు వచ్చాను. ఎండ బాగా ఎక్కింది. అమ్మాయిని పంపే ఊరేగింపుకు జీపుకు పూలు కడుతున్నారు. మేళం వాళ్ళు మళ్ళీ మంట రాజేసి డప్పులు కాపుకుంటున్నారు.

“చెప్పినవా?” అన్నాడు నాయిన.

“చెప్పిన. పోయింది.”

“ఏం పోయింది?”

“కొట్టుడు. ఇంక వాడే కొడ్తడట.”

నాయిన తన డప్పు వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత భుజానికున్న వారు తీసి, డప్పూ రెండు పుల్లలూ నా చేతుల్లో పెట్టాడు.

“జర కాపు. నేను చాయ్ తాగొస్త” అని రోడ్డు దాటి హోటల్ వైపు నడిచాడు.

ఉన్న కోపానికి తోడు ఇప్పుడు ఈ చాకిరీ ఒకటి అనుకున్నాను, ఆ కోపంలో ఇంకేదీ తట్టలేదు. మంట దగ్గర గొంతుకూర్చుని తోలును సెగకు పట్టాను. మంట మరీ దగ్గరైతే కాలుతుందని కొంచెం వెనక్కి లాగాను. చుట్టూ తిప్పాను. గడ్డిపొగ కళ్ళల్లో పడింది. వేలితో తట్టి చూస్తే ఇంకా మొద్దుగానే పలికింది. మళ్ళీ పట్టాను. జీపు స్టార్టు చేశారు. మేళం లేచి వరసలో నిలబడింది.

“మీ నాయినేడి?” అన్నాడు వెంకటయ్య పెదనాయిన.

“చాయ్ తాగవోయిండు.”

పెదనాయిన డప్పు భుజానికి తగిలించుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. “కిష్టప్ప చాయ్ తాగుడు ఎప్పటిసంది?” అన్నాడు.

నేను తల తిప్పి చూశాను. నాయిన హోటల్ ముందు, అరుగు కింద, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆ చేతుల్లో గ్లాసు లేదు.

పెదనాయిన నా చేతిలో డప్పు వైపు చూశాడు, నా మొహం చూశాడు. ముందుకు తిరిగి మొదటి దెబ్బ వేశాడు. నేను లేచి, వారు భుజం మీదికి ఎత్తుకుని, ఒకసారి వేలితో తట్టాను. డప్పు కాగింది.